రోము పిన్నీసు, మన కాసులపేరు

మన ఇండ్లలో పిన్నీసు లేని ఇల్లు ఉండదు. చీర కుచ్చెళ్లు జారకుండా పట్టడానికి, బడిపిల్లవాని చొక్కాకు చేతిరుమాలు తగిలించడానికి, సంచి తెగితే తాత్కాలికంగా కూర్చడానికి అదే అక్కరకు వస్తుంది. ఆడవారు నాలుగైదు పిన్నీసులను గాజులకు తగిలించుకొని ఉండటం మనం ప్రతిదినం చూచేదే. 1849వ సంవత్సరంలో అమెరికా దేశస్థుడైన వాల్టర్ హంట్ దీనికి పేటెంటు పొందినాడు. అందుచేత ఇది నవీనయుగపు వస్తువని మనం అనుకొంటాము. కాని ఇట్టి వస్తువును యూరపులోని ప్రజలు మూడువేల ఏండ్లకు పూర్వమే ఎరుగుదురు. లాటిను భాషలో దాని పేరు ఫిబ్యులా. రోము సామ్రాజ్యంలో సైనికులు, రైతులు, స్త్రీలు, పెద్ద ఉద్యోగులు అందరూ దీనిని ధరించేవారు. బ్రిటనులో మొదలుకొని నల్లసముద్రం వరకు గల త్రవ్వకాలలో ఇవి వేలకొలది దొరికినవి. ఏ ప్రాంతానికి ఏ ప్రాంతంతో రాకపోకలు ఉండేవో తెలిసికొనడానికి పురాతత్త్వ శాస్త్రజ్ఞులు వీనిని ముఖ్య సాక్ష్యంగా వాడుకొంటున్నారు.

ఈ విషయం రాజాంలో తరగతిలో చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, రోము నాణేలు మన తెలుగుదేశంలో దొరికినవన్నారు గదా! మరి రోము పిన్నీసులు ఎందుకు దొరకవు?" అని అడిగినాడు. ఈ ప్రశ్న చాల మంచిది. దీనికి జవాబు వెదకినచో, ఒక వస్తువును చూచి రెండు దేశాల సంబంధాన్ని నిర్ణయించడం ఎట్లా అనే పెద్ద విషయం కూడా బోధపడుతుంది.

పిన్నీసులోని శాస్త్రం

ముందుగా ఈ వస్తువు నిర్మాణాన్ని గమనింతాము. ఫిబ్యులాకు నాలుగు భాగాలు ఉంటవి. బట్టలో గుచ్చుకొనే సూది, దానిని వెనుకకు నెట్టే చుట్టతీగ, బట్ట మడత ఇముడునట్లు విల్లువలె వంగిన వీపు, సూదిమొనను పట్టి ఉంచే కొక్కెం. నేటి పిన్నీసులో ఉన్నవీ ఇవే.

లోహపు తీగను కొద్దిగా వంచి విడిచినచో తిరిగి తన స్థితికి వస్తుంది. ఈ గుణానికే స్థితిస్థాపకత అని పేరు. ఎక్కువగా వంచినచో వంగిపోయి అట్లే ఉండిపోతుంది. తీగను చుట్టలుగా చుట్టితే వంపు ఒక్కచోటనే పడక పొడవంతటా పంచబడుతుంది. అందుచేత సూదిని ఎన్నిసార్లు తెరచి మూసినా తీగ తన బిగువును కోల్పోదు. కంచును గాని ఇత్తడిని గాని చల్లగా ఉండగా సుత్తితో కొట్టినచో అది గట్టిపడి బిగువు తెచ్చుకొంటుంది. ఎర్రగా కాల్చితే మరల మెత్తబడుతుంది. ఈ రెండు క్రియలను ఏ సమయంలో ఎంతమట్టుకు చేయవలెనో ఆనాటి పనివారికి బాగా తెలుసు. మన కంచరులకు, కంసాలులకు కూడా ఇది నిత్యానుభవమే.

కొన్ని ఫిబ్యులాలు కంచుతోను, కొన్ని ఇత్తడితోను చేసినవి. రాగిలో తగరం కలిపితే కంచు, యశదం కలిపితే ఇత్తడి అవుతుంది. ఇత్తడి చేయడం అంత సులభం కాదు. రాగి 1085 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరుగుతుంది. యశదం 907 డిగ్రీలకే ఆవిరియై ఎగిరిపోతుంది. కనుక రోమునాటి పనివారు రాగి ముక్కలను, యశదపు ఖనిజాన్ని, బొగ్గును మూసలో పెట్టి మూత బిగించి కాల్చేవారు. పుట్టిన యశదపు ఆవిరి పోవుటకు దారిలేక రాగిలోనికి ఇంకేది. అగస్టస్ చక్రవర్తి కాలంలో కొన్ని నాణేలను ఇట్టి ఇత్తడితోనే ముద్రించినారు. అదే కాలంలో సైనికులు విరివిగా ధరించిన ఆకిస్సా అనే రకం ఫిబ్యులాలు కూడా చాలమట్టుకు ఇత్తడివే. వానిలో కొన్నింటి తలమీద ఆకిస్సా అనే పనివాని పేరు చెక్కబడి ఉండటం వలన ఆ రకానికే ఆ పేరు వచ్చినది. కాబట్టి ఒక ఫిబ్యులాలోని లోహాన్ని పరీక్షించినచో, అది ఏ సంప్రదాయానికి చెందిన పనివారి చేతిదో కొంతవరకు చెప్పవచ్చును.

వస్తువు నడచి వచ్చిందా, పద్ధతి నడచి వచ్చిందా?

ఒక దేశపు వస్తువు మరియొక దేశంలో దొరికినంత మాత్రాన సంగతి తేలదు. దానికి కనీసం మూడు కారణాలు ఉండవచ్చును. ఒకటి, వర్తకుడు దానిని సరుకుగా తెచ్చి అమ్మియుండవచ్చును. రెండు, దానిని ధరించిన మనిషే అక్కడికి వచ్చియుండవచ్చును. మూడు, చూచి నేర్చుకొన్న స్థానికుడు తన ఊరిలోనే అటువంటిదానిని చేసియుండవచ్చును. మూడింటిలో ఏది నిజమో తేల్చడానికి వస్తువును ఒక్కదానినే చూచిన చాలదు. అది ఎక్కడ, ఏ పొరలో, ఏ వస్తువులతో కలసి దొరికినది? దాని లోహం లేక మట్టి ఎక్కడిది? దానిని చేసిన అచ్చులు అక్కడ దొరికినవా? వచ్చిన తరువాత దానిని ఎట్లా మార్చుకొన్నారు? ఈ ప్రశ్నలు వేయవలెను.

ఒక ఉదాహరణ చెబుతాను. ఉత్తర బ్రిటనులో క్రీస్తుశకం మొదటి, రెండవ శతాబ్దాలలో ఇంగ్లీషు ఎస్ అక్షరంవలె వంపు తిరిగి, రెండు తలల వింత జంతువును పోలిన ఫిబ్యులాలు చేసేవారు. వానిమీద రంగురంగుల ఎనామెలు పొదిగేవారు. ఆ వంపులు రోమనుల రాకకు ముందు అక్కడి కెల్టు జాతులలో ఉన్న చిత్రకళా సంప్రదాయానికి చెందినవి. ఇట్టివి సముద్రం దాటి యూరపు భూఖండంలో కూడా కొన్ని దొరికినవి. రోము పాలనలోనికి వచ్చిన ప్రజలు తమ రుచిని వదలుకొనలేదనీ, పైగా అది వెలుపలికి కూడ వ్యాపించిందనీ దీనివలన తెలుస్తుంది. సంబంధం అనేది ఒకరు ఇచ్చి మరియొకరు పుచ్చుకొనేది మాత్రమే కాదని ఇచ్చట గ్రహింపవలెను.

మనకు పిన్నీసు ఎందుకు అక్కర లేకపోయింది?

ఇక మన విద్యార్థి ప్రశ్నకు వత్తాము. ఫిబ్యులా ముఖ్యంగా చలిదేశాల వస్తువు. దళసరి ఉన్ని దుప్పటిని భుజంమీద కూర్చి పట్టి ఉంచడానికి అది కావలెను. రోము పౌరుల గౌరవవస్త్రమైన టోగాకు సైతం పిన్నీసు ఉండేది కాదు. దానిని చుట్టుకొని మడతలతోనే నిలుపుకొనేవారు. ఫిబ్యులా సైనికుని పైదుప్పటికి, రాష్ట్రాలలోని స్త్రీల ఉన్నిదుస్తులకు చెందినది.

మన దేశంలో పంచె, ఉత్తరీయం, చీర అనాదిగా చుట్టుకొనే వస్త్రాలు. పల్చని నూలుబట్ట మడతకు మడత పట్టుకొంటుంది. గోచీ పోసినా, కుచ్చెళ్లు దోపినా, కొంగు బిగించినా అది నిలుస్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను చూడండి. స్త్రీపురుషుల నడుములకు పటకాలు, మొలనూళ్లు, ముడులు కనబడతవి. బట్టను గుచ్చి పట్టిన కొక్కేలు కనబడవు. పల్చని నేతకు సూది గుచ్చితే పోగులు తెగడమే ఫలితం. మన జిల్లాల వారికి పొందూరు ఖద్దరు తెలుసు కనుక దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టునుండి వచ్చిన గ్రీకు నావికుడొకడు వ్రాసిన పెరిప్లస్ అనే గ్రంథంలో మసాలియా అనే సీమ ప్రసక్తి ఉన్నది. అది కృష్ణా ముఖద్వారపు ప్రాంతమని పండితుల అభిప్రాయం. ఆ సీమలో నూలుబట్టలు విస్తారంగా తయారవుతవని ఆ నావికుడు వ్రాసినాడు. అనగా పిన్నీసుతో పనిలేని బట్టను నేసి అమ్మిన దేశం మనది. అటువంటి దేశానికి పిన్నీసు తెచ్చి అమ్మజూచే వర్తకునికి లాభం ఏమున్నది? ఫిబ్యులా దొరకకపోవడం సంబంధం లేకపోవడానికి సాక్ష్యం కాదు. అవసరం లేకపోవడానికి మాత్రమే సాక్ష్యం.

మెడకెక్కిన చక్రవర్తి

అయితే ఆ వర్తకులు తెచ్చినదేమి? వెండి, బంగారు నాణేలు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లెలో ఒకేచోట 1,531 రోము వెండినాణేలు దొరికినవి. ఇవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపువి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ప్రకటించిన పుస్తకంలో వీనిని వర్ణించినారు. నాగార్జునకొండలో రోము బంగారు నాణేలు దొరికినవి. మన దేశపు నిధులలో అగస్టస్, టైబీరియస్‌ల వెండినాణేలే ఎక్కువగా ఉండటానికి కారణం ఉన్నది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణేల బరువును, వెండినాణేల స్వచ్ఛతను తగ్గించినాడు. మన వర్తకులు ముఖం చూచి గాక మచ్చు చూచి పుచ్చుకొనేవారు. భారతదేశం ఏటేటా అయిదు కోట్ల సెస్టర్సుల ధనాన్ని లాగుకొంటున్నదని ప్లినీ అనే రోము పండితుడు వాపోయినాడు.

ఈ నాణేలు మన దేశంలో ఏమైనవి? కొన్ని కరిగి ఆభరణాలైనవి. కొన్ని చేతులు మారినవి. కొన్నింటిమీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు కనబడుతుంది. లోపల హీనలోహం ఉన్నదేమో పరీక్షించడానికే ఈ గాటు పెట్టినారని కొందరు, పరదేశపు రాజముద్రను రద్దుచేయడానికని మరికొందరు అంటారు. ఇంకొక రకం ఈ వ్యాసానికి మరింత ముఖ్యమైనది. కొన్ని బంగారు నాణేలకు చక్రవర్తి తలపైభాగాన రంధ్రాలు పొడిచినారు. కొన్నింటికి కొక్కెం అతికినారు. దారానికి గ్రుచ్చి మెడలో వేసికొంటే చక్రవర్తి తల నిటారుగా నిలుస్తుంది. రోములో సంతలో చెల్లిన నాణెం మన దేశంలో మెడలో వ్రేలాడింది!

బంగారం కొనలేనివారు ఏమి చేసినారో చూడండి. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురంలో 1940 ప్రాంతాన హైదరాబాదు పురావస్తుశాఖ వారు త్రవ్వకాలు జరిపినారు. అక్కడ రోము నాణేలను అనుకరించి చేసిన మట్టిబిళ్లలు దొరికినవి. త్రాడు దూర్చడానికి వీలుగా వానికి కొక్కేలు ఉన్నవి. కరీంనగరం వైపు పెద్దబంకూరులో రోము నాణేలే దొరికినవి. మనకు ఉత్తరాన భువనేశ్వరం దాపున ఉన్న శిశుపాలగఢంలో 1948లో బి.బి. లాల్ జరిపిన త్రవ్వకాలలో కూడా రోము నాణేలను పోలిన మట్టిబిళ్లలు బయటపడినవి. తెలంగాణంలోను, కళింగంలోను ఒకే మోజు! ఈ మట్టిబిళ్లలు ఏ ఓడలోను వచ్చినవి కావు. పైన చెప్పిన మూడు కారణాలలో ఇవి మూడవదానికి చెందుతవి. వస్తువు కొద్దిగా వచ్చింది; దాని రూపం దేశమంతటా నడిచింది.

అట్లయితే నాణేన్ని మెడలో వేసికొనే అలవాటు రోమునుండి వచ్చిందా? కాదు. వేదకాలంనుండి వాడుకలో ఉన్న నిష్కం అనే మాటకు మెడలోని బంగారు నగ అనీ, బంగారు నాణెం అనీ రెండర్థాలూ ఉన్నవి. కనుక నాణేన్ని, నగను వేరుచేసి చూడని దృష్టి మనకు ముందే ఉన్నది. ఆ దృష్టిలోనికి రోము నాణెం వచ్చి కుదురుకొన్నది. రోము వెండినాణేనికి డినేరియస్ అని పేరు. ఆ మాటే మన భాషలలో దీనారం అయినది. జైనుల కల్పసూత్రంలో శ్రీదేవి వక్షంమీద దీనారమాల ఉన్నట్లు వర్ణించినారు. నాగార్జునకొండలోని ఒక ఇక్ష్వాకు శాసనం ప్రకారం, ఉజ్జయిని రాజపుత్రికయైన రుద్రధరభట్టారిక మహాచైత్యానికి ఒక స్తంభాన్ని, 170 దీనారిమాషకాలను దానం చేసింది. రోము నాణెం పేరు బౌద్ధస్తూపానికి ఇచ్చిన దానపత్రంలోనికి చేరింది. దేశాల మధ్య సంబంధం ఇంతకంటె ఎట్లా కనబడుతుంది?

నేడు మన పెండ్లిండ్లలో కనబడే కాసులపేరులో లక్ష్మీదేవి బొమ్మ ఉంటుంది. తాతలనాటి పేర్లలో విక్టోరియా రాణి, ఎడ్వర్డు రాజు తలలున్న సవరనులు కూడ కనబడతవి. పరదేశపు రాజు తల మన ఆడపడుచు మెడలోని నగ కావడం రెండుసార్లు జరిగిందన్నమాట. ఇక్కడ ఒక హెచ్చరిక. అగస్టస్ కాలపు బంగారు నాణెం బరువు సుమారు 7.8 గ్రాములు. సవరను బరువు 7.99 గ్రాములు. ఈ రెండూ దగ్గరగా ఉన్నవి గదా అని ఒకటి మరియొకదానినుండి పుట్టిందనరాదు. రెంటి మధ్య పదునెనిమిది వందల ఏండ్ల ఎడం ఉన్నది. సవరను బరువు 1816నాటి ఇంగ్లండు చట్టాన్నిబట్టి ఏర్పడినది. పోలిక వేరు, సంబంధం వేరు.

శాలిహుండం పెంకులు నేర్పిన పాఠం

ఈ హెచ్చరిక ఎంత అవసరమో మన ప్రాంతపు చరిత్రే చెబుతుంది. వంశధార నది దక్షిణపు ఒడ్డున, కళింగపట్నం దాపున, శాలిహుండం కొండమీద బౌద్ధస్తూపాలు, విహారాలు ఉన్నవి. ఈ స్థలాన్ని 1919లో వెలుగులోనికి తెచ్చినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా, సవరభాషా పండితులుగా వారిని అందరూ ఎరుగుదురు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన వారే ఈ కొండను కూడా గుర్తించినారన్న సంగతి మన ఉపాధ్యాయులు ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకొనదగినది. తరువాత అక్కడ పలుమారులు త్రవ్వకాలు జరిగినవి, ఆర్. సుబ్రహ్మణ్యం వ్రాసిన నివేదిక 1964లో వెలువడినది.

శాలిహుండంలోను, ఆమదాలవలస వైపున్న దంతవక్త్రునికోటలోను దొరికిన వానిలో ఒక ప్రత్యేకమైన పెంకు ఉన్నది. అది నున్నని సన్నమట్టితో చేసిన పళ్లెపు ముక్క. అంచు లోపలికి వంగి ఉంటుంది. పళ్లెం లోపలి అడుగున చిన్నచిన్న గాట్లు వలయాలుగా తీర్చి ఉంటవి. దీనిని రౌలెటెడ్ పాత్ర అంటారు. 1945లో పుదుచ్చేరి దాపున అరికమేడులో మార్టిమర్ వీలరు త్రవ్వకాలు జరిపినప్పుడు ఇటలీదేశపు ఎర్రపాత్రలతోపాటు ఈ పాత్రలు కూడ దొరికినవి. పళ్లచక్రంతో గాట్లు పెట్టడం పాశ్చాత్యుల విద్య గనుక ఈ పాత్రలు రోము సంబంధం వలన వచ్చినవని ఆయన తలచినాడు. నాటినుండి చాలకాలం తూర్పుతీరంలో ఈ పెంకు ఎక్కడ కనబడినా, ఇదిగో రోము వర్తకపు జాడ అనేవారు.

తరువాత వచ్చిన పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని మార్చినవి. సారె తిరుగుతుండగా పల్చని లోహపు రేకును పళ్లేనికి ఆనించినచో అది వణకుతూ టకటక కొట్టి అట్టి గాట్లు పెట్టగలదని విమలా బెగ్లీ చూపినారు. దీనికి పాశ్చాత్యుల పళ్లచక్రం అక్కర లేదు. ఈ పాత్రలు రోము వర్తకం కంటె ముందే, క్రీస్తుపూర్వపు శతాబ్దాలలోనే ఉన్నట్లు శ్రీలంకలోని అనురాధపురం వంటి చోట్ల పొరలు తెలిపినవి. 1997లో వి.డి. గోగ్టే ఎక్స్‌కిరణాలతో మట్టిలోని ఖనిజాలను పరీక్షించి, ఆ మట్టి గంగానది దిగువ మైదానపు మట్టితో సరిపోతున్నదని తేల్చినారు. ఈ పెంకులే ఇండోనీషియాలోని బలిద్వీపంలో సెంబిరాన్ వద్ద కూడ దొరికినవి. ఎర్రసముద్రపు తీరాన ఈజిప్టులో బెరెనికే రేవులోను దొరికినవి.

అనగా రోమునుండి వచ్చిందనుకొన్న పళ్లెం మన దేశంలోనే పుట్టి రోము రేవుకు పోయింది! మన శాలిహుండం పెంకు చూపుతున్న దారి పడమటిది కాదు. ఒకవైపు తామ్రలిప్తికి, మరియొకవైపు సింహళానికి, ఇంకొకవైపు బలిద్వీపానికి పోయే బంగాళాఖాతపు దారి అది. మన రేవులు పరదేశీయుల ఓడలకోసం ఎదురుచూస్తూ కూర్చున్నవి కావు. తమ సరుకుతో, తమ మనుషులతో తామే సముద్రంమీద నడచినవి. పెంకు మారలేదు. దానిని ప్రశ్నించిన తీరు మారింది. అందువలన మన ప్రాంతానికి వేరొక చరిత్ర లభించింది.

ఉపాధ్యాయులు చేయదగిన పని

ఈ విచారణ అంతా ఒక్క ఆధారంమీద నిలిచి ఉన్నది. వస్తువు ఎక్కడ, ఏ లోతున, దేనితో కలసి దొరికినదో తెలియవలెను. అక్కనపల్లె నాణేలు కంసాలి మూసలో పడియుంటే నేడు మనకు 1,531 నాణేలు కాదు, ఒక వెండిముద్ద మిగిలేది. ఆ ముద్దకు తూకం ఉంటుంది గాని చరిత్ర ఉండదు. 1878నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెను. చట్టం ఉన్నంత మాత్రాన చాలదు. చెరువు పూడిక తీసేటప్పుడు, ఇంటి పునాది త్రవ్వేటప్పుడు, పొలం దున్నేటప్పుడు మొదట చూచేది పోలీసు కాదు, కలెక్టరు కాదు. మన విద్యార్థి తండ్రి, లేదా మన విద్యార్థియే.

కాబట్టి పిల్లలకు ఈ నాలుగు మాటలు నేర్పవలెను. పాత నాణెంగాని, పెంకుగాని, పూసగాని దొరికితే చింతపండుతో తోమవద్దు. దానిపై ఉన్న చిలుము కూడా సాక్ష్యమే. దొరికిన చోటును, లోతును కాగితంమీద వ్రాసి ఉంచండి. పక్కనున్న విలువలేని పెంకులను పారవేయవద్దు. వెంటనే ఉపాధ్యాయునికి చెప్పండి. ఆయన తహసీలుదారుకు, పురావస్తుశాఖకు తెలియజేస్తారు. వీలైనప్పుడు పిల్లలను శాలిహుండం కొండకు తీసికొనిపోయి, అక్కడినుండి వంశధార సముద్రంలో కలిసే వైపు చూపించండి. తమ ఊరి నేలలో రోము పిన్నీసు లేకపోవడానికి కారణం ఏమిటో, పళ్లెపు పెంకు ఉండటానికి కారణం ఏమిటో వారిచేతనే చెప్పించండి. ఆ రెండు జవాబులు చెప్పగలిగిన పిల్లవాడు చరిత్రను వల్లెవేసినవాడు కాదు, దానిని విచారించడం నేర్చినవాడు.